పాత గ్యాసే అని చెప్పాను

ఇన్నేళ్లూ గుండెల మీద బండలా మోసిన మాట ఇది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర అద్దెకుండేవాణ్ణి. నాకో పాత కారుండేది. మే నెలలో దాని ఏసీ పనిచేయడం మానేసింది. కరోల్ బాగ్‌లో ఏసీలు బాగుచేసే ఒక ముసలాయన విప్పి చూశాడు. దీనికి సరిపడే పాత గ్యాస్ ఇప్పుడు దొరకడం లేదన్నాడు. కొత్త రకం నింపాలంటే లోపలి ఆయిల్, రబ్బరు పైపులు అన్నీ మార్చాలి, వారం పడుతుందన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించి మూడో దారి చెప్పాడు. వంటగ్యాస్. చల్లదనం బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ లీకైతే అంటుకుంటుంది, కారు ఎవరికిచ్చినా ఈ సంగతి చెప్పే ఇవ్వండి భాయ్ సాబ్, అన్నాడు.

వారం ఆగలేకపోయాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉండుంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

పక్క వాటాలో సత్యం ఉండేవాడు. సైన్యంలో హవల్దారు, శ్రీకాకుళం మనిషి. నన్ను అన్నయ్యా అనేవాడు. ఆ జూన్‌లో ఒక మధ్యాహ్నం అతని భార్య పార్వతికి నొప్పులు మొదలయ్యాయి. ఇద్దరినీ నా కారులో ఎక్కించుకుని కంటోన్మెంట్ ఆసుపత్రికి బయల్దేరాను. దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. బయట వడగాలి. అటూ ఇటూ కదిలే వీల్లేదు. పార్వతి అరుపులు విని పక్క బస్సులోంచి ఒక పెద్దావిడ దిగివచ్చి, వెనక తలుపు తీసి లోపలికి దూరింది. ఏసీ బంద్ మత్ కర్నా బేటా, అంది నాతో, ఆపొద్దని.

ఆపలేదు. స్టీరింగ్ పట్టుకుని, నా ఎదురుగా ఏసీ గాలి వచ్చే జాలీల వంక చూస్తూ కూర్చున్నాను. వాటి వెనక సన్నటి గొట్టాల్లో ఏముందో ఆ కారులో నా ఒక్కడికే తెలుసు. అప్పుడు వెనకనుంచి ఏడుపు వినిపించింది. ఎలా చెప్పను? అంతకు ముందు లేని మనిషి ఒకరు నా వీపు వెనక ఉన్నారు. బయట వందల హారన్లు మోగుతున్నాయి, నాకొక్కటీ వినిపించలేదు. ఒళ్లంతా గగుర్పొడిచింది. దేవుణ్ణి తలుచుకోని నేను రెండు చేతులూ జోడించాను. అది ఆ బిడ్డ రాకకా, ఏమీ అంటుకోనందుకా? ఇప్పటికీ తెలియదు.

పాపకు శీతల్ అని పేరు పెట్టారు. ఆ చల్లదనమే తల్లినీ బిడ్డనీ కాపాడిందని పార్వతి కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఏడాదికి సత్యానికి అంబాలా బదిలీ అయింది. పాప పుట్టిన కారు తనకే కావాలన్నాడు. తాళాలు ఇస్తుంటే అడిగాడు.

"అన్నయ్యా, దీన్లో ఏ గ్యాసుందేటి? రేపు అక్కడి మెకానిక్కు అడిగితే చెప్పాల గదా."

"పాత గ్యాసే."

"పాతదేనా? మరి దొరకదంటన్నారు?"

"నాకు దొరికింది తమ్ముడూ. పాతదేనని చెప్పు."

ఎందుకు అబద్ధమాడాను? నిజం చెబితే, నీ భార్యను నిప్పు పక్కన పడుకోబెట్టానని ఒప్పుకోవాలి. వాళ్ల కళ్లలో నేను దేవుడి తర్వాతివాణ్ణి. ఆ చోటు వదులుకోవడానికి మనసొప్పలేదు, అది నాది కాదని తెలిసి కూడా.

ఆ మరుసటి వేసవిలో సత్యం ఫోన్ చేశాడు. ఏసీ చల్లబడక షెడ్డుకిచ్చాడట. మెకానిక్ ఏ గ్యాసని అడిగితే పాతదేనని చెప్పాడట. పాత గ్యాస్ ఎక్కడ లీకవుతోందో చిన్న దీపంతో వెతుకుతారు. గ్యాస్ తగిలితే మంట రంగు ఆకుపచ్చగా మారుతుంది, అంతే, అంటుకోదు. ఆ మనిషి నమ్మి దీపం దగ్గర పెట్టాడు. మంట ఎగసి రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. అజాగ్రత్తగా పనిచేశాడని యజమాని అతన్ని పనిలోంచి తీసేశాడు.

"పాపం, ఏం చూసుకోలేదో ఏటో అన్నయ్యా," అన్నాడు సత్యం. "పాప కార్లో లేదు, అదే పదివేలు."

నన్ను అనుమానించాలన్న ఊహే అతనికి రాలేదు. ఒక మనిషి మరో మనిషిని అంతగా నమ్మగలడా? ఆ నమ్మకం ముందు నేను చీమంతవాణ్ణి అయిపోయాను. అయినా అయ్యో అని మాత్రమే అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ మెకానిక్ పేరైనా అడగలేదు. అడిగితే వెతకాల్సి వస్తుందని. అతను అజాగ్రత్తగా లేడు. అడగాల్సింది అడిగాడు. సత్యం తనకు తెలిసింది చెప్పాడు. అది వంటగ్యాసని నాకు తెలుసు. తెలిసే పాతదన్నాను. క్షమించమనడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. కానీ ఈ వాక్యాలు మొదటిసారి రాశాను. రాసి, పైకి చదువుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.