ఎవరూ అందించకండి

పలోమెరా కొండల్లో పట్టపగలు ఎవరి వంటింట్లోనైనా మొక్కజొన్న మర ఆగకుండా గుర్రుమంటోందంటే, ముందుగదిలో ఎవరికో జ్ఞాపకశక్తి పరీక్ష జరుగుతోందన్నమాట. ఆ మర తిప్పేది ఎదిల్మా. ఇల్లు ఎవరిదైనా సరే, మర మాత్రం ఆవిడదే.

మెదెయిన్ పట్నం యూనివర్సిటీ నుంచి నర్సు అరసెలీ జీపు దిగేసరికే ఎదిల్మా ఆ ఇంటి గుమ్మంలో ఉంటుంది. కొడుకుల్ని, కోడళ్ళని, మేనత్తల్ని కోళ్ళని గంప కిందకి తోలినట్టు వంటింట్లోకి తోలి తలుపేస్తుంది. ఒకరికి ఉల్లిపాయలు, ఒకరికి చాక్లెట్ చిలికే కవ్వం. మర హ్యాండిలు మాత్రం తన చేతిలోనే.

"ఏంటి పిన్నీ ఈ చప్పుడు? లోపల అత్తయ్యని ఏమడుగుతున్నారో వినపడట్లేదు" అంటుంది కొత్త కోడలెవరో.

"వినపడకూడదనే! వినపడితే నీ నోరు ఊరుకుంటుందా?"

ఊరుకోదు. ఎదిల్మాకి బాగా తెలుసు. ఒకప్పుడు ఆ కొండల్లో అందరికంటే బాగా జవాబులు అందించింది ఆవిడే.

వాళ్ళ అమ్మ పురిఫికాసియోన్ యాభై నిండకముందే మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. అలాంటి ఇళ్ళు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళు దాన్ని బొబేరా అంటారు, అంటే వెర్రిబాగులతనం. ఏ కాలంలోనో ఓ పాదిరి పెట్టిన శాపమని ముసలివాళ్ళ నమ్మకం. యూనివర్సిటీ వాళ్ళొచ్చి శాపం లేదు ఏం లేదు, ఇది రక్తంలో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగే జబ్బని చెప్పారు. సగం మంది పిల్లలకి వస్తుంది, సగం మందికి రాదు. ఎవరికి రాబోతోందో ముందే తెలిసే కుటుంబాలు లోకంలో ఎక్కడా ఇన్ని లేవట. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పటి నుంచే చూస్తూ రావాలి, మొదటి మాట ఏ రోజు జారిపోయిందో పట్టుకోవాలి. అది పట్టుకుంటేనే దానికంటే ముందే ఏదైనా మందు వెయ్యొచ్చు.

ఆ మాట ఎదిల్మాకి అప్పుడు ఎక్కలేదు. అప్పటికి ఆవిడ పాతికేళ్ళ పిల్ల. అమ్మని ఎవరో పట్నం నర్సు కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతుంటే, ఇంటిల్లిపాదీ గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఇది ఏ నెలండీ?" అనడిగింది అరసెలీ.

అమ్మ కళ్ళు గదంతా తిరిగాయి. చెల్లెలు నర్సు వెనక నుంచి మూలనున్న బాలయేసు పాక వైపు వేలు చూపించింది. ఎదిల్మా మెల్లగా క్రిస్మస్ పాట కూనిరాగం తీసింది.

"డిసెంబరు!" అంది అమ్మ.

గుర్తుపెట్టుకోమన్న మాటల్లో కుర్చీ, జామకాయ ఉన్నాయి. అప్పటికి ఇంట్లో అందరికంటే చిన్నవాడైన తమ్ముడు లిబార్దో కుర్చీ మీద దరువేశాడు, జామకాయ చూపిస్తూ కొరికాడు. అమ్మ అన్నీ చెప్పేసింది. నర్సు వెళ్ళాక ఇల్లంతా పండగ. మా అమ్మకేం కాలేదు, చూశారా! అని.

కొన్నాళ్ళకే పురిఫికాసియోన్ కోళ్ళకి మేత వెయ్యడానికని వెళ్ళి, పెరట్లోంచి ఇంటికి దారి తెలీక, మర్నాడు పక్కలోయలో ఏటి ఒడ్డున వణుకుతూ దొరికింది.

తర్వాతి ఏడు అరసెలీ మళ్ళీ వచ్చింది. పరీక్ష చేసి, పాత కాగితం తీసి చూసి, అందరి మొహాలూ చూసింది. ఏం జరిగిందో ఆవిడకి అర్థమైపోయింది. అరవలేదు.

"నేనొచ్చింది మీ అమ్మ జ్ఞాపకం కోసమమ్మా. మీరు మీది ఇచ్చి పంపించారు" అంది. "ఇప్పుడు చూసేవాళ్ళకి ఈ జబ్బు ఒక్క ఏడాదిలో మీద పడ్డట్టు కనిపిస్తుంది. అలాంటి లెక్క పట్టుకుని ఏ డాక్టరు మాత్రం ఏం మందు చేస్తాడు? పోనీ ఆవిడకి బాగాలేదని అప్పుడే తెలిస్తే ఒంటరిగా వదిలేవాళ్ళా?"

ఆ రోజు నుంచీ ఎదిల్మా మర పట్టుకుంది. అమ్మ పోయింది, చెల్లెలికీ అదే వచ్చి పోయింది, తనకి మాత్రం రాలేదు. పెళ్ళి చేసుకోలేదు. కొండల్లో ఎవరింట్లో పరీక్షైనా తలుపు కాస్తూనే ఉంది. ఎవరూ జీతం ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు. నర్సు వచ్చేముందు గుమ్మంలో నిలబడి "ఎవరూ అందించకండి!" అని ఆవిడ ఓ కేకేస్తే, పెద్దపెద్ద మీసాలవాళ్ళు కూడా నోరు మూసుకుని ఉల్లిపాయలు తరిగేవాళ్ళు.

ఇన్ని ఇళ్ళల్లో అందించేవాళ్ళని పట్టుకున్న మనిషి, సొంత తమ్ముడి దగ్గర మాత్రం ఆలస్యంగా పట్టుకుంది.

లిబార్దోకి నలభై దాటాయి, ఇన్నేళ్ళూ ఏ పరీక్షకీ కూర్చోలేదు. పలోమెరా నుంచి పైకొండకి ఎస్కలేరా బస్సు నడుపుతాడు. పక్కన తలుపులుండవు, అడ్డంగా చెక్కబెంచీలు, వెనక నిచ్చెన, పైన సరుకు. పసుపు, ఎరుపు పువ్వులు వేయించి బస్సుకి 'గారాలపట్టి' అని పేరు రాయించుకున్నాడు. ఆదివారం సంతలో కొన్నవన్నీ టాపు మీద ఎక్కించేది అతనే. చివర దిగేవాళ్ళ మూటలు ముందువైపు, మొదట దిగేవాళ్ళవి నిచ్చెన దగ్గర. చీటీ ఉండదు, సుద్దముక్కతో గుర్తుండదు. ఏ మూట ఎవరిదో, ఏ మలుపులో దిగాలో అంతా బుర్రలోనే. ఆ కొండల్లో మంచి డ్రైవరంటే స్టీరింగు తిప్పేవాడు కాదు, టాపు సర్దేవాడు.

ఆ ఆదివారం ఎదిల్మా రొట్టె తింటూ మూడో బెంచీలో కూర్చుంది.

"లిబార్దో నాయనా, తెల్లశిలువ వచ్చేస్తోంది, నా బెల్లం మూట!" అని కేకేసింది ఫబియోలమ్మ.

"నీ మూట నాకు తెలీదా? నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను!"

బస్సంతా నవ్వింది. కాసేపటికి వెనక నుంచి ఇంకెవరో, "జామతోట దగ్గర నావి పాలక్యాన్లు, బాబూ!" అన్నారు. ఆ తర్వాత దారి రెండుగా చీలేచోట, పక్కన కూర్చున్న క్లీనరు హిల్దార్దో పెద్దాయన చాలా మామూలుగా, "ఎడమకి, కొడుకా, ఎడమకి" అన్నాడు.

ఎదిల్మా రొట్టె ఒళ్ళో పెట్టేసింది. ఆ దారిలో తమ్ముడు పుట్టి పెరిగాడు. వాడికి ఎడమేదో ఒకరు చెప్పడమేంటి? చుట్టూ చూసింది. బస్సు బస్సంతా అమ్మని పరీక్ష చేసిన గదిలా ఉంది. అందరూ గోడకి ఆనుకుని నిలబడి జామకాయలు చూపిస్తున్నారు.

దిగగానే హిల్దార్దోని పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం ఎన్నాళ్ళు?"

"నా దగ్గర కాదు పెద్దాయనా!"

ఆయన టోపీ తీసి చేతిలో నలిపాడు. "పోయిన ఈస్టర్ నుంచి. బస్సు లాక్కుంటే వాడు బతకడమ్మా. మేమంతా ఉన్నాం కదా, చెప్తుంటాం."

"పొగమంచులో, లోయ అంచున, బ్రేకు ఏదో కూడా చెప్తారా? నలభైమంది ఉంటారు బస్సులో!"

ఆయన టోపీ మళ్ళీ పెట్టుకుని నిచ్చెన వైపు నడిచాడు.

పరీక్షకి రమ్మంటే లిబార్దో అయితే ఇంతెత్తున లేచాడు. "నాకు పరీక్షా? అక్కా, నీకు ప్రతివాడూ రోగిలాగే కనిపిస్తాడు. నా టాపు చూడు. ఒక్క మూట తప్పుచోట దిగిందా? అంతకంటే పరీక్ష ఉందా?"

"లేదు" అంది ఎదిల్మా వెంటనే. "ఆదివారం అదే చూస్తా. ఒక్కటీ తప్పకపోతే ఈ జన్మలో ఇంక నోరెత్తను. తప్పితే బస్సు తాళంచెవి నాకిచ్చి నాతో మెదెయిన్ రావాలి."

"మరియమ్మ మీద ఒట్టు. వచ్చి చూస్కో!"

ఆ వారమంతా ఎదిల్మా ఇల్లిల్లూ ఎక్కి దిగింది. అందరికీ ఒకటే మాట: ఆదివారం మూట ఇచ్చి ఊరుకోండి, ఎవరూ అందించకండి. ఫబియోలమ్మ తిట్టిపోసింది.

"నువ్వు అక్కవా, రాక్షసివా? సొంత తమ్ముణ్ణి సంతలో నిలబెట్టి సిగ్గు తీస్తావా?"

"నీ మనవరాలు ఆ బస్సులోనే బడికెళ్తుంది ఫబియోలా. నేను అడిగేది దాని కోసం కూడా."

ఫబియోలమ్మ తలుపు ధడాల్న వేసుకుంది.

ఆదివారం పూజ అయింది, సంత అయింది. చర్చి ముందు బస్సు ఆగింది. లిబార్దో చేతులు దులుపుకుని నిచ్చెనెక్కాడు. హిల్దార్దో కింద నుంచి మూటలు పైకిస్తున్నాడు. బియ్యం, ఎరువు బస్తా, చిక్కుళ్ళు. ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా అరిచే జనం ఒక్క మాట మాట్లాడట్లేదు. మొదటి మూటలు గబగబా సర్దేశాడు. తర్వాత చెయ్యి నెమ్మదించింది. బెల్లం మూట పట్టుకుని ముందువైపు నడిచాడు, ఆగాడు, నిచ్చెన దగ్గరికి వచ్చాడు, మళ్ళీ ముందుకి నడిచాడు.

"ఏమైందివాళ?" అన్నాడు కిందకి చూసి, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఎవరైనా పోయారా? ఎవరూ మాట్లాడరేంటి?"

ఫబియోలమ్మ శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మూట ఆవిడదే.

లిబార్దో ఆ మొహాలన్నీ ఒక్కొక్కటీ చూశాడు. చివరికి అక్క మొహం చూశాడు. ఎదిల్మాకి నాలుక చివర 'తెల్లశిలువ' ఉంది. పళ్ళు బిగించింది. ఇన్నేళ్ళూ ఎన్నో ఇళ్ళ నోళ్ళు మూయించిన మనిషికి తన ఒక్క నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది.

అతను మూటని పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు టాపు మీద దింపాడు. దిగివచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీసి అక్క ఏప్రన్ జేబులో వేశాడు.

"ఇన్నాళ్ళూ నేను సర్దట్లేదన్నమాట. ఊరు సర్దుతోంది" అన్నాడు.

"అవున్రా."

"ముందే చెప్పొచ్చుగా, దొంగమొహాల్లారా!" అని జనం మీదికి తిరిగి అరిచాడు. అప్పుడు ఫబియోలమ్మ భోరుమంది. లిబార్దోనే వెళ్ళి ఆవిడ భుజం తట్టాడు.

మెదెయిన్‌లో పరీక్ష గది బయట మర లేదు. కారిడార్ మరీ నిశ్శబ్దంగా ఉంది, తలుపు పల్చన. లోపల నెరిసిన జుట్టుతో అరసెలీ, "ఇది ఏ నెలండీ?" అనడం బయటికి వినిపించింది. లిబార్దో పెళ్ళాం నోయెమీ పెదవులు కదిలాయి. ఎదిల్మా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. "ఎన్ని వచ్చాయమ్మా నాకు?" అని లిబార్దో అరసెలీని అడుగుతున్నాడు.

"తక్కువే వచ్చాయి" అంది అరసెలీ. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "కానీ చాలా మంచి పరీక్షిది. మీరు ఇప్పుడు ఎక్కడున్నారో ఉన్నదున్నట్టు చెప్తోంది. ప్రతి జవాబూ మీదే."

"విన్నావా అక్కా?" అన్నాడు లిబార్దో. "తప్పులు కూడా నావేనట. మన అమ్మకి ఆ భాగ్యం కూడా లేకుండా చేశాం."

ఎదిల్మా తల ఊపింది. తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది, అవసరం లేకపోయినా.

ఇప్పుడు గారాలపట్టిని హిల్దార్దో అల్లుడు నడుపుతున్నాడు. ఆదివారం మాత్రం టాపు సర్దడానికి లిబార్దోనే నిచ్చెనెక్కుతాడు. అతను మూట చేతిలోకి తీసుకోగానే సంత సంతంతా గొంతు చించుకుంటుంది. తెల్లశిలువ! జామతోట! అది కాదు, ఇటు, ఇటు! అందరికంటే గట్టిగా అరిచేది ఎదిల్మా.