మా కారు దగ్గు, నా వైద్యం

ఇది నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు, నా డైరీకి కూడా. నేను కారు నేర్చుకున్నది ఎక్కడికో త్వరగా చేరుకోవాలని కాదు. దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా చేరుకోవచ్చని.

నవ్వకండి. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు రాగానే "రుకో!" అని అరవాలి. నాకు ఆ ఒక్క మాట గొంతు దాటి రాదు. నోట్లోనే ఆటో ఆపి, పక్కవాళ్లు ఎక్కడ దిగితే అక్కడ దిగి, సూరత్ డిండోలిలో మా ఇంటికి వెనక్కి నడిచి వచ్చిన సాయంత్రాలు ఎన్నో. హజీరాలో ఉద్యోగం వచ్చాక ఆఫీసు బస్సు ఎక్కాను. అందులో నా పక్క సీటావిడ రోజూ రెండు ప్రశ్నలు వేసేది. ఈరోజు ఏం కూర? పెళ్లెప్పుడు? మొదటిదానికి జవాబు చెప్పేసరికే నాకు చెమటలు పట్టేవి.

అలాంటి నా కంటికి మా బాపు కొన్న పాత డీజిల్ కారు నాలుగు చక్రాల ఏకాంతంలా కనిపించింది. చివరికి దాన్ని నా చేతులతో నేనే ఎలా చంపబోయానో చెబుతాను. మీరు తీరిగ్గా కూర్చోండి. నేను మాత్రం దుపట్టాలో ముఖం దాచుకుని చెబుతాను.

దుపట్టా అన్నాను కాబట్టి చిలకల సంగతి ముందే చెప్పాలి. బాపు సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చి, ఇప్పుడు ఖటోదరాలో ఒక ప్రింటింగ్ మిల్లులో మాస్టరుగా ఉన్నాడు. ఒకసారి మిల్లులో చిలకల డిజైను ముద్రణ తప్పింది. ఎర్ర రంగు జరిగిపోయి చిలకలు ఒకచోట, వాటి ముక్కులు ఇంకోచోట పడ్డాయి. ఆ బట్టను ఏ వ్యాపారీ తీసుకోలేదు. బాపు తీసుకున్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో కిటికీ తెరలు ముక్కు లేని చిలకలు, దిండు గలీబులు ముక్కు లేని చిలకలు, అమ్మ నైటీ, నా దుపట్టా కూడా అవే. మా ఇంటికి వచ్చిన చుట్టాలు రాత్రి లైటు ఆర్పేదాకా కొంచెం ఇబ్బందిగా ఉండేవారు.

సరే, కారు. "సోమారం సంది నువ్వే తీస్కపో" అన్నాడు బాపు. కాని ఒక షరతు. ఆదివారం నాడు అమ్మను, తనను ఎక్కించుకుని ఉధనా ఫ్లైఓవర్ ఎక్కి దిగాలి. వెనక ఒక్కడు కూడా హారన్ కొట్టకూడదు. ముందున్నవాడు తుమ్మినా హారన్ కొట్టే ఊరు మాది. ఓడిపోతే కారు అమ్మేస్తానన్నాడు.

ఆదివారం వచ్చింది. ఫ్లైఓవర్ ఎక్కడం మొదలుపెట్టాను.

"తొక్కు బిడ్డా, జర తొక్కు."

"తొక్కుతున్న బాపూ."

"ఇంకింత తొక్కు."

"ఇంకా తొక్కితే కాలు రోడ్డు మీద పడ్తది!"

నేను పెడల్ నొక్కిన ప్రతిసారీ కారు ఆలోచనలో పడింది. వెళ్లాలా, వద్దా, అసలు అడుగుతున్నది ఎవరు? తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు, వెనక నల్లటి పొగ, అప్పుడు నాలుగు గజాలు కదలిక. బస్సులో పక్క సీటావిడ ప్రశ్న వేసినప్పుడు నేనెలా ఉంటానో అచ్చం అలాగే. వెనక హారన్లు మొదలయ్యాయి. చీరల మూటలు కొండలా ఎత్తిన ఒక టెంపో మమ్మల్ని దాటిపోయింది.

"గా టెంపోవాడు మనల్ని జూసి దండం బెట్టిండే" అంది వెనక సీట్లోంచి అమ్మ.

ఫ్లైఓవర్ దిగాక బాపు నన్ను పక్కకు జరగమన్నాడు. "బండిది గాదు, నీ కాలుది తప్పు" అంటూ తాను కూర్చున్నాడు. కారు బాపును కూడా గుర్తుపట్టలేదు. అదే ఆలోచన, అదే నిట్టూర్పు.

"అయితే గీ బండిదే తప్పు. ఇయ్యాల్నే అమ్మిపడేస్త."

"బాపూ, ఒక్కసారి భరత్‌భాయ్‌కి చూపిద్దాం. ఏమైందో నేను చెప్త."

"నువ్వేం జెప్తవే?"

"పుస్తకం చదివిన గద."

నిజంగానే చదివాను. కారుతో వచ్చిన పుస్తకాన్ని నవలలా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినదాన్ని బహుశా లోకంలో నేనొక్కదాన్నే. ఆపైన ఫోనులో రిపేరు వీడియోలు. డీజిల్ ఇంజిన్ గురించి నాకు తెలియనిది లేదు, చూడడం తప్ప.

భరత్‌భాయ్ మా వీధి చివరి మెకానిక్కు. అతను హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడినదంతా నేను తెలుగులో రాస్తున్నాను. అతని ముందు నా గొంతు రాదు కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను బాపు చెవిలో చెబుతాను, బాపు మైకులా బయటికి చెబుతాడు.

"డీజిల్ ఫిల్టర్లో నీళ్లు చేరినయేమో అడుగు బాపూ."

బాపు అందుకున్నాడు. "మా బిడ్డ బాగా చదువుకుంది భాయ్. ఫిల్టర్ నిండా నీళ్లున్నాయంటోంది."

భరత్‌భాయ్ విప్పి చూశాడు. చుక్క నీరు లేదు.

"గాలి ఫిల్టర్ చూడమను."

నల్లటి డబ్బా మూత తీశాడు. లోపల ఫిల్టర్ పాలల్లో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది. నూలు దుమ్ము మంచులా కురిసే మా డిండోలిలో అంత తెల్లటి ఫిల్టర్ ఉండదు. భరత్‌భాయ్ దాన్ని ఎండలో పట్టుకుని మురిసిపోయాడు. "వేసి ఎన్నో రోజులైనా కొత్తదానిలా ఉంది! ఈ కారును ఎవరు చూసుకుంటారు?"

"మా బిడ్డే!" అన్నాడు బాపు ఛాతీ విప్పార్చి.

నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆ పొగడ్తకు నేనెంత అర్హురాలినో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇక ఆగలేక నా పాండిత్యమంతా బాపు చెవిలో పోశాను. "టర్బో పోయింది బాపూ. ఇంజిన్లోకి గాలిని ఊదే పంకా అది. అందుకే గుంజుతలేదు."

భరత్‌భాయ్ ముఖం గంభీరమైంది. నన్ను బెన్, అంటే చెల్లీ అంటాడతను. "బెన్ అంత చదివి చెప్పాక నేనేమంటాను? టర్బో దించాలి. పెద్ద పని."

"పెద్ద పనైతే వద్దు భాయ్. అమ్మిపడేస్త" అన్నాడు బాపు.

చూశారా? వైద్యం చేయడానికి వెళ్లి, నా నోటితోనే మరణశిక్ష వేయించాను. బస్సు, పక్క సీటు, ఈరోజు ఏం కూర... అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

దించేముందు టర్బో శబ్దం ఒకసారి వింటానని భరత్‌భాయ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. డబ్బా మూత పెట్టడం మరిచిపోయాడు. మేం ముగ్గురం ఎక్కాం. పెడల్ తాకాడో లేదో కారు గాలిపటంలా లేచింది. అమ్మ సీటుకు అతుక్కుపోయింది. "ఓరి దేవుడా, జర నెమ్మదిగ పోనియ్యి!" అని ఆమె తెలుగులో అరుస్తుంటే, "బాగైంది! బాగైంది!" అని బాపు చప్పట్లు కొట్టాడు.

తిరిగొచ్చి మూత బిగించి బండిని మళ్లీ పోనిచ్చాడు. కారు మళ్లీ ఆలోచనలో పడింది.

భరత్‌భాయ్ తల గోక్కున్నాడు. "మూత తీస్తే పరుగు, పెడితే దగ్గు. టర్బో ఇలా చేయగా నేనెప్పుడూ చూడలేదు. కాని బెన్ చెప్పింది కదా" అంటూ పెద్ద పానా అందుకున్నాడు.

అప్పుడు నా చూపు ఆ డబ్బా నుంచి ముందుకు సాగే నల్లటి గొట్టం మీద పడింది. బయటి గాలి లోపలికొచ్చే దారి అది. ఆ గొట్టం మూతిని నేనెక్కడో చూశాను. చూడడమేమిటి, పలకరించాను కూడా.

మా వీధిలో ప్రతి ఇంట్లోనూ మిల్లు చిందీ ఉంటుంది. చిందీ అంటే కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కలు. కిటికీ సందులో దోమలొస్తే చిందీ. కుళాయి కారితే చిందీ. తలుపు కొట్టుకుంటే, బల్ల ఊగితే, పక్కింటి మగ్గాల చప్పుడు ఎక్కువైతే చిందీ. కన్నం కనబడితే చేయి ఆగని జాతి మాది. వానలు పడగానే కార్లలో ఎలుకలు దూరి వైర్లు కొరుకుతున్నాయని వీధంతా గోల చేస్తుంటే, నేను బానెట్ ఎత్తి, ఎలుక పట్టేంత కన్నం ఒకటి చూసి...

భరత్‌భాయ్ పానా తిప్పబోయాడు.

"రుకో!"

వీధి ఆగిపోయింది. భరత్‌భాయ్ ఆగాడు. చాయ్ పోస్తున్నవాడు ఆగాడు. దారిన పోయే స్కూటరువాడు కూడా బ్రేకు వేసి ఆగాడు. ఇన్నేళ్లుగా షేర్ ఆటోల్లో దాచుకున్న "రుకో"లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి మరి.

"అందులో... గుడ్డ ఉంది" అన్నాను. మైకు అవసరం లేకుండా, నేరుగా.

"ఎందులో?"

"కారు ముక్కులో."

"ఎవరు పెట్టారు?"

నేను చాయ్ కొట్టు వైపు చూశాను. "నేనే" అన్నాను.

భరత్‌భాయ్ గొట్టంలో రెండు వేళ్లు పెట్టి లాగాడు. గుడ్డ వచ్చింది. ఇంకా వచ్చింది. గారడీవాడి నోట్లోంచి రిబ్బను వచ్చినట్టు వస్తూనే ఉంది. నేను ఏ పనీ సగం చేయను. ఇంతసేపూ ఆ ఫిల్టర్ తెల్లగా ఎందుకుందో అప్పుడు అందరికీ అర్థమైంది. గాలే రానిచోటికి దుమ్ము ఎక్కడినుంచి వస్తుంది?

గుడ్డ మీద ఆకుపచ్చ చిలకలు. ముక్కుల్లేవు.

బాపు గుడ్డను చూశాడు. తర్వాత నా దుపట్టాను చూశాడు. తర్వాత మళ్లీ గుడ్డను చూశాడు. చాయ్ కొట్టు దగ్గరున్న జనం కూడా అదే వరసలో చూశారు.

"ఏందే, గలీబు కుడదామని దాసిన గుడ్డ గాదే గిది! ఇల్లంత దేవులాడిన!" అంది అమ్మ. ఆమెకు కారు కన్నా ఆ బాధే ఎక్కువగా ఉంది.

భరత్‌భాయ్ ముందు నవ్వాడు. తర్వాత చాయ్‌వాడు. చివరికి బాపు నవ్వడం మొదలుపెట్టి బానెట్ పట్టుకుని వంగిపోయాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కాని విచిత్రం చూడండి. టర్బో బతికే ఉంది. కారు బతికే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు, అయినా నేను కూడా బతికే ఉన్నాను.

ఆ సాయంత్రమే మళ్లీ ఫ్లైఓవర్ ఎక్కాం. కారు ఆలోచించలేదు. ఒక్క హారన్ కూడా వినబడలేదు. ఆనందం పట్టలేక నేనే ఒకటి కొట్టాను. చీరల టెంపో ఒకటి దాటాను. అది పొద్దున మాకు దండం పెట్టిన టెంపోయే అని నమ్ముతున్నాను, మీరూ నమ్మండి.

కాబట్టి ఆకుపచ్చ చిలకల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ కన్నం కనబడినా, అది ఎవరి ముక్కో కనుక్కోకుండా గుడ్డ పెట్టను. ఎలుకలు వస్తే వాటితో నేరుగా మాట్లాడతాను.

ఇంటి ముందు కారు ఆపగానే బాపు తాళంచెవి నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"సోమారం నువ్వే తీస్కపో బిడ్డా. గని గా దుపట్టా మాత్రం ఇంట్లనే ఇడిచిపో."