గోడ అవతలి గిటార్

ఫెలేతి కొత్త బూట్లు కొన్న వారమే వాళ్ల మేనత్త లుసియానే వాటిని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "మా మనవడి కాలికి సరిగ్గా సరిపోతాయిరా" అంది. ఆ ఆదివారం ఫెలేతి మెడకు టై కట్టుకుని, మా ఆనవాయితీ ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, కాళ్లకు పాత రబ్బరు చెప్పులతో చర్చికి వచ్చాడు. ముందు వరసలో ఆ మనవడు బూట్లు టకటకలాడిస్తుంటే అందరికంటే ముందు నవ్వింది ఫెలేతియే. మా టోంగా దీవుల్లో మేనత్త కోరితే కాదనే మేనల్లుడు ఉండడు. కానీ ఇచ్చేశాక కూడా అలా నవ్వడం అందరివల్లా కాదు. దేవుడు కొందరికి ఆ గుణం పుట్టుకతోనే ఇస్తాడనుకుంటాను.

అతని పని రేవులో పడవ ఇంజన్లు బాగుచెయ్యడం. పేరు మాత్రం బాస్ గిటార్ వల్ల వచ్చింది. ఇరవయ్యేళ్ల వయసులో స్నేహితుడు తానియేలాతో కలిసి 'ఉప్పుగాలి' అని రాక్ బ్యాండు పెట్టాడు. తానియేలా పాడతాడు, ఫెలేతి కింద నుంచి ఆ పాటను మోస్తాడు. శుక్రవారం సాయంత్రం పట్నంలో వాళ్ల పాట మొదలైతే రేవులో పడవలు కూడా ఊగుతాయని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పడవలు ఎలాగూ ఊగుతాయనుకోండి.

శుక్రవారం అతను బ్యాండు మనిషి. తక్కిన రోజుల్లో పిలిచినవాళ్ల మనిషి. బడి మేళంలో పెద్ద బాకా ఊదే పిల్లకు గవదబిళ్లలు వస్తే, ఊరేగింపులో ఆమె చోట ఫెలేతి నడిచాడు. బడి చొక్కా పట్టక పైన రెండు బొత్తాలే పెట్టుకుని, పన్నెండేళ్ల పిల్లల మధ్య కొబ్బరిచెట్టులా నడుస్తుంటే, నవ్వు ఆపుకోలేక వాళ్ల టీచరమ్మకు కళ్లలో నీళ్లొచ్చాయి. కావా వేరు నూరి కలిపిన పానీయం తాగుతూ పాడుకునే ముసలివాళ్ల పక్కన కూర్చుంటే అదే గిటార్ గుసగుసలాడేది. వాళ్ల గొంతులు సన్నబడ్డాయి కదా, వాటిని మించకూడదని. ఫిజీ ఓడ వంటవాడొకడు తన తల్లి మీద కట్టిన పాటను రికార్డు చేసుకోవాలంటే, ఓడ కదిలేదాకా వంటగదిలో కూర్చుని వాయించాడు. ఆ వంటవాడు ఇచ్చిన రొట్టెలు తెచ్చి మా వీధి వీధంతా పంచాడు.

తానియేలాకు ఇదే మంట. "నువ్వు మనిషివా, రూటు లేని బస్సువా?" అనేవాడు. "ఎవడు చెయ్యెత్తితే అక్కడ ఆగిపోతావేంట్రా!"

"ఖాళీగా పోయే బస్సు కంటే నయం కదా" అనేవాడు ఫెలేతి.

మా దగ్గర కూడా ఆ బస్సు అలాగే ఆగింది. మేం పదిమంది ఆడవాళ్లం లుసియానే అత్త పాకలో నారబట్ట కోసం బెరడు బాదుతాం. పొడుగాటి దుంగ మీద బెరడు పరిచి, కర్రలు పట్టుకుని ఒకళ్ల తర్వాత ఒకళ్లం కొడుతుంటే దానికే ఒక నడక వస్తుంది. ఒక పొద్దున్న ఫెలేతి అత్తకు పిండి బస్తా మోసుకొచ్చి, గుమ్మం బయటే నిలబడిపోయాడు. "అత్తా, ఆపకండి. ఒక్క పది నిమిషాలు ఆపకండి!" అని అరిచి ఇంటికి పరుగెత్తాడు. గిటారూ స్పీకర్ పెట్టే తెచ్చాడు కానీ లోపలికి రాలేదు. లోపల అతని చెల్లెలు ఎసేతా ఉంది. పదేళ్లు దాటాక అన్నాచెల్లెళ్లు ఒకే గదిలో కూర్చుని ఆటపాటలకు దిగరు మాలో. చెల్లెలంటే అంత గౌరవం. పైగా మేం బాదేటప్పుడు పాడుకునేవి అన్న వినదగ్గ పాటలేం కావు. అందుకని స్పీకర్ పెట్టెను కిటికీలోంచి మాకు అందించి, పొడుగు వైరు ఒకటి లాక్కుని వెళ్లి సీమపనస చెట్టు కింద కూర్చున్నాడు.

"ఒసేయ్, మన చెట్టుకు కరెంటు పెట్టారే!" అంది ఒకావిడ. మిగతా పాటలు పక్కన పెట్టి, అన్నాచెల్లెళ్లు ఇద్దరూ వినదగ్గ పాట ఒకటి ఎత్తుకున్నాం. మొదట సిగ్గుపడ్డాం. కాసేపటికి మా దెబ్బల మధ్య ఖాళీల్లోకి అతని మోత వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ రోజు బాదిన బెరడు ఎంత పల్చగా వచ్చిందో! ఆపితే గదా. అప్పటినుంచి వారానికోసారి ఆ వైరు మా కిటికీకి వేలాడేది.

ఆ ఏడు 'ఉప్పుగాలి'కి ఇరవై ఏళ్లు నిండుతున్నాయి. శనివారం సాయంకాలం పట్నం హాల్లో పెద్ద కచేరీ పెట్టుకున్నారు. తానియేలా ముందే చెప్పాడు, "ఈ ఒక్క వారం బస్సు మాకే. ఇంకెక్కడ కనిపించినా శనివారం స్టేజీ ఎక్కనివ్వను." ఫెలేతి మాటిచ్చాడు.

సరిగ్గా ఆ గురువారం మా బడిలో కొత్త నీళ్ల ట్యాంకుకు ప్రార్థన. అక్కడ మేం బాదాలనీ, ఫెలేతి వాయించాలనీ లుసియానే అత్త ఎప్పుడో తేల్చేసింది. సంగతి తెలిసి నేను నసిగాను, "అత్తా, అతను మాటిచ్చాడట కదా."

"నా మేనల్లుణ్ణి నేను తీసుకెళ్లడానికి తానియేలాను అడగాలా? వాడెవడు?"

బుధవారం సాయంత్రం ఆవిడ తిన్నగా ఫెలేతి ఇంటికి వెళ్లి, మేకుకు తగిలించిన గిటార్‌ను దించి, పాత నారబట్టలో పసిబిడ్డలా చుట్టుకుని వచ్చేసింది. "ఇది ఇక్కడుంటే వాడే వెనకాల వస్తాడు" అంది.

వచ్చాడు. బడి గోడ వెనక కూర్చుని వాయించాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ట్యాంకులో మొదటి నీళ్లు పడుతున్న చప్పుడు, తర్వాత మా కర్రలు, ఆ కింద అతని మోత. అతన్ని వెతుక్కుంటూ తానియేలా ట్రక్కులో వచ్చాడు. గేటు దగ్గర ఒక పాట అయ్యేదాకా నిలబడ్డాడు. మళ్లీ ట్రక్కెక్కి వెళ్లిపోయాడు. పొద్దుగూకేలోపు కబురొచ్చింది: శనివారం రావద్దు, ఇంకొకర్ని చూసుకున్నాం.

 శుక్రవారం ఫెలేతి ఎప్పటిలాగే రేవుకు వెళ్లాడు. ఎప్పుడో మా ఇంట్లో తీసుకున్న గిన్నెను, ఊరికే ఇవ్వడం ఇష్టంలేక, చేపలు నింపి తెచ్చిచ్చాడు. కానీ దారిలో బడికి వెళ్లి ఆ పొడుగు వైరు టీచరమ్మ చేతిలో పెట్టేశాడట. మైకుకు పనికొస్తుందని.

"ఎందుకిచ్చేశావ్రా?" అని, అప్పుడే మా ఇంటికి టీకి వచ్చిన అత్త గుమ్మంలోనే నిలదీసింది.

"ఇంక అంత పొడుగుది నాకెందుకత్తా" అన్నాడు. నవ్వాడు కూడా. బూట్లప్పటి నవ్వు మాత్రం కాదది.

అత్త ఆ పూట నా చేతి టీ తాగలేదు. చల్లారిపోయిన కప్పును కాసేపు చూసి, "పిల్లా, మీ ఇంట్లో చిరిగిన చాప ఏదైనా ఉందా?" అంది.

 మాలో చిరిగిన చాప కట్టుకునేది తప్పు ఒప్పుకోవడానికి వెళ్లేవాళ్లు. లుసియానే అత్త ఏ పెళ్లికి వెళ్లినా అందరికంటే ఎత్తున కూర్చునే మనిషి. పంది కాలిస్తే మొదటి ముక్క ఆవిడకు పెట్టాకే మిగతావాళ్లకు. అలాంటావిడ శనివారం పొద్దున్నే ఆ చిరుగుల చాప నడుముకు చుట్టుకుని, మెడలో మన్నింపు అడిగేవాళ్లు వేసుకునే ఇఫీ ఆకుల దండ వేసుకుని, కానుకగా ఇచ్చే కావా వేరు నా నెత్తిన పెట్టి తానియేలా ఇంటికి నడిచింది. గుమ్మం బయట నేల మీద కూర్చుని తల వంచుకుంది. నేనూ కూర్చున్నాను. దారినపోయేవాళ్లు ఆగిపోయారు.

తానియేలా గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, అత్తా! లేవండి! ఏం పని ఇది? జనం చూస్తున్నారు!"

"చూడనీ. గిటార్ నా మేనల్లుడిది, తీసుకునే హక్కు నాకుంది. వాడు నీకిచ్చిన మాట నాది కాదు. గిటార్‌తో పాటు దాన్నీ ఎత్తుకుపోయాను. తప్పు నాది బాబూ. వాణ్ణి వదిలెయ్."

తానియేలా ఆవిడకంటే కిందగా, మెట్టు దిగి బురదలోనే కూర్చుండిపోయాడు. కళ్లనీళ్లు సబ్బు మీంచి కారుతున్నాయి. "బడి గేటు దగ్గర నా కాళ్లు ఆగలేదత్తా" అన్నాడు చివరికి. "ఆడింది నా కాళ్లే, కోపం వచ్చిందీ నాకే. ఇరవై ఏళ్లలో నా పక్కన వాడు అలా వాయించలేదు."

అత్త తల ఎత్తింది. "అయితే మమ్మల్ని కూడా పిలవచ్చు కదరా మొద్దూ."

"ఈరోజా?"

"దుంగలు ట్రక్కెక్కించడానికెంతసేపు? ముందు ఆ రెండో చెంప గీసుకో, పిల్లలు చూస్తే జడుసుకుంటారు."

నాకు నవ్వాగలేదు. ఆ దండను తానియేలాయే తన చేత్తో ఆవిడ మెడలోంచి తీసి కళ్లకద్దుకున్నాడు. కొత్తగా చూసుకున్న గిటార్ మనిషికి కూడా నచ్చజెప్పి రెండో గిటార్ ఇచ్చారు. నిజం చెప్పాలంటే అతను ఊపిరి పీల్చుకున్నాడు. రెండు రోజుల్లో ఇరవై ఏళ్ల పాటలు నేర్చుకోవడం ఎవరితరం?

నాలుగింటికే హాలు నిండిపోయింది. మాలో ఆదివారం ప్రార్థనలే తప్ప కచేరీలుండవు, అది అడుగుపెట్టకముందే అంతా ముగించాలి గదా. మా దుంగలు స్టేజీ మీద వరసగా పెట్టారు. మేం తలల్లో పూలు పెట్టుకుని కూర్చున్నాం. 'ఉప్పుగాలి' వాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. ఫెలేతి పేరు పిలవగానే హాలంతా ఈలలు. నవ్వుతూ మూడు మెట్లెక్కాడు, నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. ఎదురుగా కర్ర పట్టుకుని ఎసేతా.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎసేతా కర్ర కింద పెట్టి, తల వంచుకుని లేవబోయింది. ఈలలు ఆగిపోయాయి. ఇంత హడావిడిలో ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు, చూడండి! తానియేలా నుదురు కొట్టుకున్నాడు. ఎవరు దిగాలి? చెల్లెల్ని దింపే అన్న ఉండడు. అన్న దిగిపోతే ఇరవయ్యేళ్ల పండగ ఎవరికి?

ఎత్తుకుర్చీలోంచి లుసియానే అత్త గొంతు వినపడింది. "ఆ పొడుగు వైరు ఏదిరా?"

మా టీచరమ్మ లేచి, నెమ్మదిగా స్టేజీ వైపు చూపించింది. బడి మైకునే కచేరీకి ఇచ్చారు. తానియేలా పట్టుకున్న మైకుకు తగిలించింది ఆ వైరే.

తానియేలా మైకు వైపు చూశాడు. బ్యాండు హోరులో అతను మైకు లేకుండా పాడగా ఎవరమూ వినలేదు. ఒక్క క్షణమే ఆలోచించాడు. వైరు పీకి, చుట్ట చుట్టి ఫెలేతి మీదికి విసిరాడు. "పోరా, బయటికి పో! ఇరవై ఏళ్లుగా చెప్తున్నా, నువ్వు లోపల నిలబడే రకం కాదని!"

హాలు పగిలిపోయేట్టు నవ్వింది. ఫెలేతి వెనక కిటికీ కింద బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. నేను కిటికీ పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపిస్తున్నాడు. ఎసేతా గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక్క చెక్కగోడ. మేం మొదలుపెట్టాం. తానియేలా మెడనరాలు ఉబ్బేలా పాడాడు. అతని గొంతు అందని చోట హాలంతా అందుకుని పాడింది. పాట సగంలో ఎసేతా ఉన్నట్టుండి దెబ్బ మార్చింది: రెండు గబగబా, ఒకటి ఆగి. నాకర్థం కాలేదు. బయట ఫెలేతి చెయ్యి ఆగింది, ముఖం వికసించింది, అదే వరస తిరిగి వచ్చింది. తర్వాత ఎసేతా చెప్పింది, చిన్నప్పుడు ఇద్దరూ కిరసనాయిలు డబ్బా మీద అలా కొట్టుకునేవాళ్లట, అమ్మ అన్నానికి పిలుస్తోందని.

పాటలయ్యాక కాల్చిన పంది వచ్చింది. మొదటి ముక్క ఎప్పటిలాగే లుసియానే అత్త ముందు పెట్టారు. ఆవిడ దాన్ని ఆకులో చుట్టి నా చేతికిచ్చి, కిటికీ వైపు గడ్డం ఊపింది. "ముందు బయటివాడికి."

పొద్దున్నకు తానియేలా గొంతు పూర్తిగా పోయింది. అతను వాళ్ల ఊరి చర్చి పాటల గుంపుకు ముందుండి పాడేవాడు. ఆ ఆదివారం వాళ్లకు దిక్కెవరు? నేను చర్చికి బయలుదేరుతుంటే, ఫెలేతి ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి, మాట రాక, బస్సు ఆపేవాడిలా చెయ్యెత్తుతూ కనిపించాడు తానియేలా.

ఫెలేతి టై కట్టుకుంటూనే బయటికొచ్చాడు.