ఆయ్ అంటే

నా మొదటి ఉద్యోగం అమలాపురంలో, బండారులంక నేతపనివారికి చీరల డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న ఆఫీసులో. అక్కడ అందరికంటే సీనియర్ మేడమ్‌గారు. ఎవరేం చెప్పినా ముందు "ఆయ్" అనేవారు. కర్నూలు నుంచి వచ్చిన నేను దానికి 'సరే' అని అర్థం చెప్పుకున్నాను.

చీర అంచుల లెక్కలన్నీ ఆవిడ ఏళ్ల తరబడి సి భాషలో రాసిన ప్రోగ్రాముల లైబ్రరీలో ఉండేవి. ఆఫీసేమో పైథాన్ భాషకి మారింది. పైథాన్ నుంచి ఆ లైబ్రరీని పిలిచి, లెక్క చేయించి చూడమని నాకు అప్పగించారు. పిలిచాను. నాలుగున్నర అంగుళాలు రావాల్సిన అంచు కోట్లలో వచ్చింది.

"ఇది పాతబడిపోయింది మేడమ్. తీసేసి కొత్తగా రాసేద్దాం" అన్నాను.

"ఆయ్" అన్నారావిడ.

ఒప్పుకున్నారనుకుని ఫైలు తీసేయబోతుంటే, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"బానే పిలిచేరండి. అది ఏ రకం జవాబిస్తుందో పైథాన్‌కి చెప్పేరా? చెప్పకపోతే పూర్ణసంఖ్యే అనుకుంటుందండి. మనది దశాంశం కదా."

ఒక్క లైను చేర్చారు. నాలుగున్నర వచ్చింది.

"మరి తీసేద్దామంటే ఆయ్ అన్నారు కదా?"

"విన్నానన్నానండి. ఒప్పుకున్నానని మీరనుకున్నారు" అని నవ్వారు.

ఆవిడ రిటైరై చాలాకాలమైంది. బండారులంకలో ఇవాళ కొత్త అంచు మగ్గమెక్కాలన్నా ముందు ఆ లైబ్రరీని పిలవాల్సిందే. పిలిస్తే పలుకుతుంది.