సరస్సు చూడకుండా దిగి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కొండ అన్నదే లేదు. షికాగోకి పడమరగా ఉన్న అరోరాలో ఉండేవాళ్ళం. ఎటు చూసినా చదునైన నేల, కోసేసిన మొక్కజొన్న చేలు, చలికాలమంతా వాటి మీద మంచు. కళ్ళతో చూడని కొండలను నేను లైబ్రరీలో చూశాను. పిల్లల అరల్లోవి అయిపోయాక లైబ్రేరియన్ నన్ను పెద్దల అరల వైపు కూడా వెళ్ళనిచ్చేది. ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే చదివి తెలుసుకున్నానన్న గర్వం ఆ వయసులో నాకు చాలా ఉండేది. ఇప్పుడు మాత్రం లేదని ఎలా అనను?

ఎనభైల మొదట్లో ఒక క్రిస్మస్ సెలవులకు నాన్న మమ్మల్ని డెన్వర్ తీసుకెళ్ళారు. అక్కడ ఆయన కాలేజీ స్నేహితుడు, ఆయన భార్య ఉండేవారు. నాకు వాళ్ళు డెన్వర్ అంకుల్, డెన్వర్ ఆంటీ. అంకుల్‌కి అప్పుడప్పుడే కొండల పిచ్చి పట్టుకుంది. గోడకు స్నోషూస్ వేలాడదీసుకున్నారు. వంచిన చెక్క చట్రాలకు తోలు పట్టీలు అల్లి ఉండేవి, చూడటానికి పెద్ద టెన్నిస్ రాకెట్లలా. బూట్ల కింద కట్టుకుంటే కాలు మంచులో దిగబడదు. మా కోసం కూడా అద్దెకు తెచ్చి సిద్ధంగా పెట్టారు. పైన ఎక్కడో ఒక సరస్సు ఉంది, చలికాలంలో అది గట్టి నేలలా గడ్డకట్టిపోతుంది, దాని నడిమధ్యన కూర్చుని నాన్నతో కలిసి పులిహోర తినాలి. అదీ ఆయన కోరిక. అమ్మ మా చిన్న తమ్ముడితో ఇంట్లో ఉండిపోయింది. మేం నలుగురం బయల్దేరాం.

అంతకు ముందు వరసగా మంచు కురిసింది. దారి మొదలయ్యే చోట మా కారు తప్ప మరో కారు లేదు. "చూశావుట్రా, ఇవాళ కొండ మొత్తం మనదే!" అని అంకుల్ సంబరపడ్డారు. నాకెందుకో ఆ ఖాళీ నచ్చలేదు.

దేవదారు చెట్ల మధ్య నుంచి ఎక్కుతుంటే మా పట్టీల కిర్రుమనే చప్పుడు, మా ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. పిట్ట కూడా లేదు. సూర్యుడు పల్చటి మబ్బు వెనక పాలిపోయి ఉన్నాడు. పైన శిఖరం అంచు నుంచి మంచు పొగలా లేచి మా వైపు వాలుతోంది. గాలి ఒక వైపు మంచును ఎత్తుకుపోయి రెండో వైపు పేరుస్తుందని నేను చదివాను. పేరుస్తున్న వైపు మేమున్నాం.

చెట్లు పలచబడిన చోట మా కాళ్ళ కింద నేల ఒక్కసారిగా కుంగింది. కుంగింది కొంచెమే. కానీ దానితోపాటు ఒక శబ్దం వచ్చింది, నేల లోపల ఎక్కడో పెద్ద తలుపు మూసినట్టు. అంకుల్ స్నోషూ ముందు నుంచి మంచు మీద సన్నని పగులు ఒకటి బిరబిరా పాకి ఆగింది. అందరం ఆగాం.

ఆ శబ్దం గురించి నాకు తెలుసు. పైపొర కింద దాగిన బలహీనమైన పొర కూలితే అలా వినిపిస్తుందని, అలాంటి రోజున ఏటవాలు మీదకి వెళితే వాలు మొత్తం పలకలా ఊడి మనుషుల్ని కప్పేస్తుందని పుస్తకంలో ఉంది. ఆ మాటే చెప్పాను. "అంకుల్, ఈ సౌండ్ వస్తే స్లోప్ మీదకి వెళ్ళకూడదు. బుక్‌లో ఉంది."

అంకుల్ నవ్వారు. "ఏమండీ లైబ్రేరియన్‌గారూ, మీ ఇల్లినాయ్‌లో కొండ అంటే హైవే ఓవర్‌పాసే కదా! నువ్వు నాకు స్నో గురించి చెప్తావా?"

నాన్న కూడా నవ్వారు, కానీ పెదవులతో మాత్రమే. చలికి ఆయన వేళ్ళు తెల్లబడిపోయాయి. అయినా అంకుల్ వెనక్కి తిరిగి "ఎలా ఉందిరా?" అన్నప్పుడల్లా "అద్భుతంరా" అంటున్నారు. ఇంత ప్రేమగా పిలిచి తీసుకొచ్చినవాణ్ణి వెనక్కి పోదామని ఎలా అడగడం అన్నది ఆయన మొహమాటం. అంత దూరం నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన స్నేహితుడికి సరస్సు చూపించకుండా దింపడం ఎలా అన్నది అంకుల్ మొహమాటం. భోజనాల దగ్గర "ఇంకొంచెం వేసుకో", "చాలు చాలు" అనుకునే మర్యాద ఆ కొండ మీదకి కూడా మాతో వచ్చింది. కాకపోతే ఇక్కడ చాలు అనేవాళ్ళే లేరు.

మరి కాసేపటికి చెట్లు పూర్తిగా ఆగిపోయాయి. ముందు తెల్లటి వాలు, మచ్చ లేకుండా నున్నగా. దాన్ని అడ్డంగా దాటితే సరస్సు. వాలు అడుగున కుర్ర చెట్లు నడుములు విరిగి, తలలన్నీ ఒకే వైపు పడి ఉన్నాయి, పైనుంచి మంచు ఇంతకు ముందోసారి ఊడిపడ్డ గుర్తుగా. అంకుల్ వాటిని చూశారు. ఆయన నవ్వు ఆగిపోవడం నేను చూశాను. కర్రతో మంచును పొడిచారు, పైకి చూశారు, మళ్ళీ పొడిచారు. నాన్న ఏదైనా అంటారేమోనని ఎదురుచూస్తున్నట్టుగా నిలబడ్డారు. నాన్న వంగి స్నోషూ పట్టీ బిగించుకున్నారు. అప్పుడు అంకుల్ వాలు మీదకి కాలెత్తారు.

"అమ్మో!" అని వెనక నుంచి కేక. ఆంటీ మంచులో కూలబడి చీలమండ పట్టుకుని ఉంది. "కాలు మెలిపడిందండీ. అడుగు వెయ్యలేను. అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి, మీ ట్రిప్పంతా పాడు చేశాను."

"అయ్యో, అదేం మాటమ్మా!" అన్నారు నాన్న, ఆ అవకాశం కోసమే పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నట్టుగా. అంకుల్ ఎత్తిన కాలు వెనక్కి దించారు. కాస్త విసుక్కున్నారు కూడా. "నీకు ఇవాళే పడాలా? ఇంకో పావుగంటలో లేక్ వచ్చేసేది!"

దిగడం మొదలుపెట్టాం. ఆంటీ కుడికాలు కుంటుతూ నాన్న భుజం పట్టుకుని నడిచింది. మలుపు దగ్గర ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని మళ్ళీ బయల్దేరినప్పుడు ఎడమకాలు కుంటింది. వెనక వస్తున్న నాకు అది స్పష్టంగా కనిపించింది. నాన్నకి కూడా కనిపించినట్టుంది. ఆయన కుడి పక్క నుంచి ఎడమ పక్కకి మారి భుజం అందించారు.

చెట్లలోకి చాలా దూరం వచ్చాక వెనక నుంచి ఒక లోతైన ఉరుము వినబడింది. కొమ్మల మీది మంచు పొడిపొడిగా మా మీద రాలింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. "హైవే మీద ట్రక్కేమో," అన్నారు అంకుల్. హైవే లోయకి అవతల ఉంది. ఊడిపడింది ఆ వాలేనో, మరొకటో నాకు ఇప్పటికీ తెలియదు. పులిహోర కారులో కూర్చుని తిన్నాం. అంకుల్ కోటు గుండీలు కూడా విప్పకుండా తిన్నారు. హీటర్ పనిచెయ్యట్లేదని ఆయన అన్నారు. పనిచేస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళితే ఆంటీ మునివేళ్ళ మీద నిలబడి పై అరలోంచి డబ్బా తీస్తోంది. నన్ను చూసి మడమలు దించింది.

"అంకుల్‌కి చెప్పకే. మీ నాన్నకి చూపించాలని పాపం ఎంత ఆశపడ్డారో."

"నేను చెప్పింది ఎవరూ వినలేదు ఆంటీ," అన్నాను. నా గొంతులో ఉక్రోషం నాకే వినిపించింది.

"వినకేం, అందరం విన్నాం. నీ మాట విన్నాకే నేను మంచి చోటు చూసుకుని పడ్డాను. ముందు నోరు తెరిచేదెవరన్నదే వాళ్ళిద్దరి బాధ."

మేమున్నన్ని రోజులూ అంకుల్ ఎదురుగా ఆవిడ కుంటుతూనే ఉంది. విందుకు ఎవరింటికైనా వెళితే అక్కడ కూడా కుంటింది. నాన్న ప్రతిసారీ కుర్చీ తెచ్చి వేశారు. అంకుల్ స్వయంగా వేడినీళ్ళ కాపడం పెట్టారు. ఆయనకి తెలుసో తెలియదో నేను చెప్పలేను. అంత శ్రద్ధగా కాపడం పెడుతుంటే తెలుసనే అనిపించింది.

ఆ తరవాత నేను కొండలకి చాలాసార్లు వెళ్ళాను. మంచు గురించి దొరికినదల్లా చదివాను, ఇంకా చదువుతున్నాను. పుస్తకం నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. కానీ ఆ రోజు మమ్మల్ని కిందికి దించినది పుస్తకం ఒక్కటే కాదు. అందుకే ఇప్పుడు నాతో వచ్చేవాళ్ళకి బయల్దేరేముందే చెబుతాను, నాకు భయం వేస్తే నేను పైకే అంటాను, మీరూ అనండి అని. చాలామంది తలూపుతారు, పైకి వెళ్ళాక మాత్రం అనలేరు. కాబట్టి నా వెనక ఎవరైనా కుంటడం మొదలుపెడితే, ఏ కాలని అడగను. భుజం అందించి దిగిపోతాను.