నర్సమ్మకి వేసిన చీటీ

నేను ప్రెసిడెంటుని కాబోతున్నానని మా మామగారు ఇడ్లీ తింటూ చెప్పారు. స్కూలు బస్సు రావడానికి ఇంకా పది నిమిషాలే ఉంది. నేను జగ్గయ్యపేటలో, మా మాటల్లో పేటలో, ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతా. లంచ్ బాక్సు సర్దుకుంటున్నదాన్ని ఆగి ఆయన వంక చూశా.

"ఈసారి మన పంచాయతీ లేడీస్‌కి వచ్చిందమ్మా. నీ పేరే అనుకున్నాం. ఆదివారం నందిగామ వెళ్ళి ఫొటోలు దిగి రా," అన్నారు.

మావైపు సర్పంచ్ అనేది కాగితాల మీద రాసే మాట. నోటితో అందరూ ప్రెసిడెంటనే అంటారు. మామగారు గతంలో ఒకసారి ప్రెసిడెంటుగా చేశారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ, ఎవరు ఏ పార్టీ మనిషో ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మా పార్టీ తరఫున ఎవర్ని నిలబెట్టాలో ఎప్పుడూ మా వసారాలోనే తేలేది. నలుగురైదుగురు పెద్దవాళ్ళు కాఫీ తాగి లేచేసరికి పేరు ఖాయమైపోయేది.

నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు. అడక్కుండా ఎలా అనుకున్నారని ఒక్క క్షణం అనిపించింది. కానీ బస్సులో కూర్చున్నాక నా పేరు పక్కన ఆ మాట పెట్టుకుని చూసుకున్నా. బాగానే ఉంది. ఆదివారం నీలం అంచు పట్టుచీర కట్టుకుని మరీ ఫొటో దిగి వచ్చా.

అవి మిరపకోతల రోజులు. ఆ తర్వాత ఒక సెలవురోజున కూలీలకి టీ పట్టుకుని చేలోకి వెళ్ళా. మా చేలో ఏటా ఒకే ముఠా కోస్తుంది, ఇరవై మంది ఆడవాళ్ళు. వాళ్ళని కూడగట్టి తెచ్చేదీ, కూలి మాట్లాడేదీ యాభై దాటిన ఒకావిడ. అందరూ ఆవిడని ముఠాపెద్ద అంటారు. నన్ను చూసి నడుం నిటారు చేసుకుని, తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది.

"టీచరమ్మా, మీరేం అనుకోమాకండి. మీ పేరు పెడతన్నారంట గదా. మేం మాత్రం నర్సమ్మని అనుకుంటన్నాం."

"ఏ నర్సమ్మ?" అన్నా, మా ఊళ్ళో ఉన్నది ఒక్క నర్సమ్మే అయినా.

"ఏ నర్సమ్మేంటండీ!" అని ఆవిడ నవ్వింది. పక్క సాళ్ళలో వాళ్ళు కూడా కొయ్యడం ఆపి నా మొహం చూస్తున్నారు.

నర్సమ్మ మా ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్లో నర్సుగా పాతికేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. సొంతూరు రెడ్డిగూడెం దగ్గర. భర్త పేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. రిటైరయ్యాక కూడా ఇద్దరూ ఇక్కడే అద్దింట్లో ఉండిపోయారు. ఓటూ ఇక్కడే. సెంటు భూమి లేదు, ఊళ్ళో చుట్టాల్లేరు. మా పెద్దవాళ్ళ లెక్కలో బయటి మనిషి.

మా పాపకి రెండేళ్ళప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మావారు గుంటూరు మిర్చి యార్డులో ఉన్నారు. నర్సమ్మ సంచీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నందిగామ ఆసుపత్రి దాకా ఆటోలో నాతో వచ్చింది. దారి పొడుగునా ఒకటే మాట: "ఊపిరి ఆడుతోంది చూడు. నువ్వు ఏడవకు." ఇలాంటి కథ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. కాలనీలో ఒకసారి ఇంటికిద్దరికి విరేచనాలు పట్టుకుంటే, మంచినీళ్ళ ట్యాంకు మెట్లెక్కి మూత తీసి చూసింది ఆవిడే. లోపల చచ్చిన పావురం ఉంది. ట్యాంకు కడిగిందాకా కిందికి దిగనని పైనే కూర్చుంది.

అందుకని ఆడవాళ్ళు నర్సమ్మని అడిగారు. రెండుసార్లు కాదంది. మూడోసారి మాత్రం, "మీ ముఠా ఒక్కటే కాదు, మిగతా వీధుల వాళ్ళు కూడా రమ్మంటే చూద్దాం," అందట. డ్వాక్రా సంఘాల వాళ్ళూ అంగన్‌వాడీ దగ్గర చేరే తల్లులూ కలిసి ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. ఒకరోజు కూలి మానుకుని, ఆటోలు మాట్లాడుకుని, జగ్గయ్యపేటలో పార్టీ నాయకుడి ఇంటికే వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆయనకి మామగారంటే మొహమాటం. అంతమంది ఆడవాళ్ళని ఊరికే పొమ్మనే ధైర్యమూ లేదు. చివరికి, "పార్టీ సభ్యత్వం ఉన్నవాళ్ళు చీటీలు వేసుకోండి. ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళకే మన మద్దతు," అన్నాడు.

ఆ సంగతి ఫోన్లో విని మామగారు హాయిగా నవ్వారు. "వాళ్ళలో సభ్యత్వం కార్డు ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరా లేదు. అవన్నీ మా ఇంట్లో ఉన్నాయి. అంతకు ముందెప్పుడో ఊరికి ఇన్ని సభ్యత్వాలు కావాలని పైనుంచి చెబితే, మామగారే ఆడవాళ్ళందరి ఆధార్ జిరాక్సులు తీసుకుని వాళ్ళ పేర్లు చేర్పించారు. కార్డులొచ్చాయి. పంచేవాళ్ళు లేక, రబ్బరు బ్యాండ్లు వేసి బీరువా అడుగు అరలో పడేశారు. ఆయన మర్చిపోయారు. ముఠాపెద్ద మర్చిపోలేదు.

రెండ్రోజుల తర్వాత, నేను స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, పాతికమంది దాకా మా వాకిట్లోకి వచ్చారు. మామగారు కాలవ మీద నీళ్ళ గొడవేదో తేల్చడానికి వెళ్ళారు.

"మా కార్డులు మీ ఇంట్లో ఉన్నయ్యంట టీచరమ్మా. ఇస్తే తీసుకుపోతాం," అంది ముఠాపెద్ద.

మామగారు వచ్చాక రండి అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆయనొస్తే కార్డులు ఇంకో వారం కనిపించవనీ తెలుసు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. లోపలికి వెళ్ళి కట్టలు తెచ్చి వసారా గట్టు మీద కూర్చుని, పిల్లల హాజరు తీసుకున్నట్టు ఒక్కో పేరూ చదివా. పిలిచినవాళ్ళు వచ్చి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, రవికలో పెట్టుకున్నారు. ఒకావిడ తన ఫొటో చూసుకుని, "నేను ఇంత చిక్కిపోయి ఉన్నానా అప్పుడు?" అంది. అందరూ నవ్వారు. రానివాళ్ళ కార్డులు వీధివారీగా సర్ది వాళ్ళ చేతికే ఇచ్చా.

మామగారు రాగానే ఎవరో చెప్పేశారు.

"ఇచ్చేశావా?"

"వాటి మీద ఉన్నవి వాళ్ళ పేర్లే కదండీ మావయ్యగారూ."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. అన్నానికి కూర్చున్నప్పుడు పెరుగు మాత్రం వద్దన్నారు.

చీటీలు వేసింది ఊరి చివర పత్తి గోడౌన్లో. పేట నుంచి పార్టీ తరఫున ఒకాయన వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని, కార్డు చూసి, ముద్ర వేసిన చీటీ ఇస్తున్నాడు. రాయడం రానివాళ్ళు ఉన్నారని లోపల చీర అడ్డం కట్టి రెండు స్టీలు బిందెలు పెట్టారు. ఒకదాని మీద నా పట్టుచీర ఫొటో, రెండోదాని మీద రిటైర్మెంట్ సన్మానంలో దండతో ఉన్న నర్సమ్మ ఫొటో. ఎవరు కావాలో వాళ్ళ బిందెలో చీటీ వెయ్యాలి.

చీర వెనక్కి వెళ్ళాక నా మొహం నావైపే చూస్తోంది. ఆ ఫొటోలో నేను బావున్నా. ప్రెసిడెంటునైతే ఏం చేస్తానని నన్ను నేను అడుక్కున్నా. సంతకాలు చేస్తా, అంతే. ఎక్కడ పెట్టమంటే అక్కడ. చీటీ నర్సమ్మ బిందెలో వేసి బయటికొచ్చా. మావారు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు.

నర్సమ్మకి పదకొండు చీటీలు ఎక్కువొచ్చాయి.

ఆ సాయంత్రం మా వసారాలో పెద్దవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చీటీలు చీటీలే, గెలుపు గెలుపే అన్నారు. ఊరివాళ్ళు కానివాళ్ళకి ఊరు ఓటెయ్యదన్నారు. నర్సమ్మని తప్పుకోమని అడగాలి, బదులుగా ఉపసర్పంచ్ ఇస్తామనాలి. ఆవిడకి నేనంటే ఇష్టం కాబట్టి నేనే వెళ్ళాలని తేల్చారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళా. నర్సమ్మ గడప దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. చెప్పమన్న మాటలన్నీ చెప్పా. ఆవిడ చేతిలో పని ఆపకుండా విని, "ఒక్క సంగతి చెప్పమ్మాయ్. నేను తప్పుకుంటే నువ్వు ప్రెసిడెంటువవుతావా, మీ మామగారవుతారా?" అంది.

అబద్ధం చెప్పే మొహం కాదు నాది. "మావయ్యగారేనండీ," అన్నా.

"అయితే ఆయన్నే వచ్చి అడగమను. నువ్వెందుకు మధ్యలో? కాఫీ తాగుతావా?"

తాగా. ఇంటికొచ్చి ఆవిడ అన్నది అన్నట్టే చెప్పా. మామగారి మొహం ఎర్రబడింది. "ఆవిడ సంగతి వదిలెయ్. రేపు నామినేషన్‌కి పేట వెళ్దాం. నువ్వు సంతకం పెట్టు."

"నేను పెట్టనండీ."

ఆ ఇంటికొచ్చిన పదకొండేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు.

"నిన్న నువ్వు చీటీ ఎందులో వేశావు?"

"నర్సమ్మగారి దాంట్లో."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. మావారు గదిలోకి వచ్చి మంచం చివర కూర్చున్నారు. "నువ్వు చేసింది తప్పని నేననను. నాకు ముందు చెప్పుండాల్సింది," అన్నారు. అది నిజమే. చెబితే ఆపుతారని చెప్పలేదు. ఆ మాటా ఆయనకి చెప్పేశా.

నర్సమ్మే నిలబడింది. ఎన్నికల గుర్తుగా ఆవిడకి కత్తెర వచ్చింది. కోతలు దిగి నాలుగింటికి ఇళ్ళకొచ్చిన ఆడవాళ్ళు మొహాలైనా సరిగ్గా కడుక్కోకుండా వీధులు తిరిగారు. వాళ్ళ చీరలకి మిరప ఘాటు పట్టి ఉండేది. వాళ్ళు ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా లోపల తుమ్ములు మొదలయ్యేవి. ఊళ్ళో వాళ్ళు, "నర్సమ్మ పార్టీ వస్తోంది, ముక్కులు మూసుకోండి," అని ఎగతాళి చేసేవాళ్ళు. స్కూలు నుంచి రాగానే నేనూ వాళ్ళతో తిరిగా. కొన్ని ఇళ్ళల్లో నన్ను చూసి తలుపు దగ్గరికి వేశారు, మామగారి మొహం చూసుకుని. మామగారు మాకు వ్యతిరేకంగా ఒక్క మాట అనలేదు. అనుకూలంగానూ అనలేదు. ఆయనా ఆయన మనుషులూ ఇంట్లో కూర్చున్నారు, అంతే.

అది చాలింది. పోలింగైన రోజే ఊరి స్కూల్లో లెక్కింపు. నర్సమ్మ ఒక వీధి ఓట్ల తేడాతో ఓడిపోయింది. అవతలి వర్గం నిలబెట్టిన ఒక చిన్న వయసు కోడలు గెలిచింది. స్కూలు గేటు బయట బాణాసంచా కాలుస్తుంటే మేము గోడ పక్కన నిలబడ్డాం. ముఠాపెద్ద వార్డు మెంబరుగా నిలబడి గెలిచింది గానీ ఆవిడ మొహంలో నవ్వు లేదు. నర్సమ్మే అందరి భుజాలూ తట్టి, "పదండి, పిల్లలు ఆకలితో ఉంటారు," అంది. ఇంటికెళ్ళి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చా. ఆవిడ ఓడిపోయినందుకే కాదు. గెలిచి ఉంటే ఆ ఇంట్లో తిరగడం నాకు కాస్త తేలికయ్యేదని కూడా.

మామగారు మూడు నెలలు నాతో నేరుగా మాట్లాడలేదు. "మీ అమ్మని టీ పెట్టమను," అని పాపతో చెప్పించేవారు, నేను రెండడుగుల దూరంలో ఉన్నా సరే. తర్వాత ఒకరోజు ఫోన్లో పాస్‌వర్డేదో మర్చిపోయి, ఇంట్లో ఎవరూ లేక, "అమ్మా, ఇది కాస్త చూడు," అన్నారు. చూశా. ఎన్నికల ఊసు మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ రాలేదు.

ఆ ఏడాది గ్రామసభ ఆదివారం పడింది. మామూలుగా గ్రామసభకి పదిమంది కూడా రారు. ఆ రోజు నర్సమ్మతో నలభైమంది ఆడవాళ్ళు వచ్చారు, నేనూ ఉన్నా. పంచాయతీ ఆఫీసులో కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డాం. ప్రెసిడెంటు కుర్చీలో ఆ కోడలి భర్త కూర్చుని కాగితాలు తిరగేస్తున్నాడు. గెలిచిన అమ్మాయి తలుపు దగ్గర, మాకు దగ్గరగా, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

నర్సమ్మ ముందుకెళ్ళింది. మాకు ఓడిపోయిన కసి కొంచెం ఉంది కాబట్టి ఏదో గట్టిగా అంటుందనుకున్నాం. ఆవిడ అతనితో అసలు మాట్లాడలేదు. వెనక్కి తిరిగి ఆ అమ్మాయితో, "ఏమ్మా, నిలబడ్డావేం? ఆ కుర్చీ నీది. వచ్చి కూర్చో," అంది.

అతను ఒకసారి మా అందరినీ చూసి, నవ్వినట్టు మొహం పెట్టి లేచాడు. ఆ అమ్మాయి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. కార్యదర్శి ఆమె ముందుకి కాగితం జరిపాడు. మంచినీళ్ళ ట్యాంకు నెలకెన్నిసార్లు కడగాలన్నది అందులో మొదటి విషయం. ఆమె గొంతు మొదట మాకు వినపడలేదు. ముఠాపెద్ద, "కాస్త గట్టిగా చదువమ్మా," అంది. ఆమె మొదటి నుంచి మళ్ళీ చదివింది.