ఎవరి ఎడ్ల ఎకరం

పెద్దపల్లి దగ్గర మా బాపుకు ఒక ఎకరం ఉంది. ఉండేది అనాలేమో. మొన్న వానాకాలం మొదట్లో సర్వేయర్ వచ్చి, కర్రకు బిగించిన యంత్రంతో ఆకాశాన్ని అడిగి, ముప్పై ఎనిమిది గుంటలే అన్నాడు. ఎకరానికి నలభై. తగ్గిన రెండు గుంటలూ పక్కనే చేనున్న కాక కలుపుకున్నాడని బాపు తేల్చేశాడు. కాక సొంత తమ్ముడే కాబట్టి వేరే సాక్ష్యం అక్కర్లేదనుకున్నాడు. ఎల్లుండి సాయంత్రం హద్దురాళ్లు పాతుతామని సర్వేయర్ చెప్పి వెళ్లాడు.

నేను ఇంగ్లీషులో ఎమ్మే. ఇంట్లో దానికి అప్పటిదాకా పని పడలేదు. నిఘంటువు తీశాను.

"బాపూ, ఎకరం ఇంగ్లీషోళ్ల మాటనే. మొదట ఉత్తగ పొలం అనే అర్థం. తర్వాత జోడెడ్లు ఒక్క దినంల దున్నేంత జాగను ఎకరమన్నరు."

బాపు బీడీ ఆర్పేశాడు. "ఎవని ఎడ్లు?"

నిఘంటువులో అది లేదు.

"ఎవనియైతేంది," అని తనే సర్దుకున్నాడు. "పొద్దుగూకక ముందే దున్నుడు ఒడిసిందనుకో, నా జాగ తక్కువున్నట్టే. మీ కాక మొఖం మీదనే తేలిపోతది."

అంతా ట్రాక్టర్లే అయిన మా ఊళ్లో ఒక్క జత ఎడ్లే మిగిలాయి. అవి కాకవి. అడగడానికి బాపు నన్ను పంపాడు.

"నా మీది పంచాదికి నా ఎడ్లే గావాల్నా?" అన్నాడు కాక. ఇచ్చాడు. "పరాయోడు తోల్తె కదలయి" అని తోలడానికి తనే వచ్చాడు కూడా.

ఏరువాక నాడు పసుపు పూయించుకోవడం తప్ప ఆ ఎడ్లకు కొన్నేళ్లుగా పెద్ద బాధ్యతల్లేవు. రాళ్లు పాతే రోజు పొద్దున్నే ఉత్సాహంగా మొదలుపెట్టాయి. పదింటికి ఆలోచనలో పడ్డాయి. మధ్యాహ్నం నుంచి ప్రతి సాలుకీ చివర నిలబడి మమ్మల్ని చూశాయి. సర్వేయర్ వచ్చేసరికి పొద్దు గూకింది. చేనులో మూడో వంతు అలాగే ఉంది.

కాక నాగలి విప్పి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"అన్నా, ఇంగ్లీషోళ్ల లెక్కన నీ ఎకరం గీడిదాకనే. గా మిగిలింది ఎక్కువున్నట్టు. నాకు రాసిస్తవా?"

చూడ్డానికొచ్చి గట్టు మీద కూర్చున్న ఊరివాళ్లు నవ్వు ఆపుకోలేదు. సర్వేయర్ మర్యాదస్తుడు. "యంత్రం లోపల పెట్టమంటరా పెద్దమనిషీ? ఎడ్ల లెక్కనే రాసుకుంట" అన్నాడు.

బాపు నావైపు చూశాడు. నా మీద పెట్టిన ఫీజులన్నీ ఆ చూపులో కనిపించాయి.

"పాతు సారూ," అన్నాడు చివరికి. "మిషన్ సెప్పిన కాడనే పాతు."

ముప్పై ఎనిమిది గుంటలకే రాళ్లు పడ్డాయి. చివరి రాయిని బాపే కాలితో తొక్కి బిగించాడు. తర్వాత ఎడ్ల దగ్గరికి వెళ్లి, ఒకదాని మూపురం నిమిరాడు. కాకతో మాట్లాడక మూడు రోజులైంది.

"జర నీళ్లు తాపు వీటికి, పరేషాన్ అయినయ్. రేపు పొద్దుగాల్నే తోలుకరా తమ్మీ. మనకు ఎకరమంటే రెండు దినాలు."